పాత బాక్సుల ఫోమ్ రాలిపోయింది, యమహా ఏ-ఎస్301కి కొత్త స్పీకర్లు ఏవి తీసుకోవాలి?

కూకట్‌పల్లి_శ్రోత:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాసింది లేదు, ఇప్పుడు అవసరం పడింది కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిక పట్టండి.

మా ఇంట్లో నాన్నగారు ఎప్పుడో కొన్న పెద్ద చెక్క బాక్సులున్నాయి, బేస్ ఇచ్చే ఎనిమిదంగుళాల వూఫరు, పైన సన్నటి సౌండ్లకి ట్వీటరు. ఈమధ్య బేస్ వచ్చినప్పుడల్లా బరబరమని సౌండొస్తోంది. ఏంటా అని గ్రిల్ తీసి చూస్తే వూఫర్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు వేలు తగలగానే నల్లటి పొడిలా రాలిపోయింది. రెండు బాక్సులదీ అదే పరిస్థితి. ఆంప్ (ఆంప్లిఫయర్) మాత్రం కొత్తదే, యమహా ఏ-ఎస్301, దాన్ని మార్చే ఉద్దేశం లేదు.

హాలు 14 అడుగులు x 11 అడుగులు, కింద విట్రిఫైడ్ టైల్స్, ఎడమ పక్క గోడ లేదు, డైనింగ్‌లోకి ఓపెన్. కుడి పక్క గోడ, కిటికీ. టీవీ యూనిట్ 11 అడుగుల గోడకి, సోఫా ఎదురుగోడకి ఆనించి ఉంటుంది. పొద్దున్న కర్ణాటక సంగీతం, అదీ ఎక్కువగా వీణ, వయొలిన్, సాయంత్రం 60ల నుంచి 90ల దాకా సినిమా పాటలు, ఆదివారం మాత్రం కొంచెం గట్టిగా పెడతా. టీవీ నుంచి ఆప్టికల్‌లో, లాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని ఆడియోగా మార్చే చిన్న డబ్బా) ద్వారా వింటా.

స్టాండ్లతో కలిపి బడ్జెట్ యాభై అయిదు వేలు. షాపుకెళ్ళి విన్నవి కెఫ్ క్యూ150, వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1, ఈలాక్ డెబ్యూ బీ6.2. అక్కడ కెఫ్ శుభ్రంగా, గొంతు ఎదురుగా నిలబడ్డట్టు అనిపించింది, వార్ఫ్‌డేల్ తియ్యగా ఉంది, ఈలాక్ బేస్ అదరగొట్టింది. కానీ షాపు గది మొత్తం కార్పెట్, గోడలకి ప్యానెళ్ళు, మా ఇంటికీ దానికీ పోలికే లేదు. పైగా అక్కడి అబ్బాయి ఇవన్నీ కాదు సార్ ఫ్లోర్‌స్టాండర్లు (నేల మీదే నిలబడే పొడుగు బాక్సులు) తీసుకోండి, అప్పుడు 60 వాట్స్ ఆంప్ చాలదు, 100 వాట్స్‌ది తీసుకోండి అన్నాడు. మా ఆవిడేమో మళ్ళీ బీరువాల్లాంటివి తెస్తే ఊరుకోనంది. ఇప్పుడు స్టాండు మీద పెట్టే చిన్న బుక్‌షెల్ఫా, ఫ్లోర్‌స్టాండరా, ఈ మూడిట్లో ఏది, ఆంప్ నిజంగా చాలదా? కొంచెం దారి చెప్పండి.

మధ్యమావతి:

ఆంప్ సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది. మీరు చెప్పిన స్పీకర్ల సెన్సిటివిటీ 86 నుంచి 88 డీబీ (డెసిబెల్స్) దగ్గర, అంటే ఒక్క వాటుకి ఒక మీటరు దూరంలో అంత సౌండు. మీరు కూర్చునేది మూడు, మూడున్నర మీటర్లలో, రెండు స్పీకర్లు కలిసి, గది కూడా కొంత తిప్పికొడుతుంది కాబట్టి ఒక వాటుకే సోఫా దగ్గర 80 డీబీ దాకా వస్తుంది. ఇంట్లో మనం మామూలుగా వినేది 70, 75. తబలా దెబ్బకో మృదంగం దెబ్బకో అది ఇంకో 15 డీబీ పైకి లేచినా పది వాట్లలో అయిపోతుంది. ఇక 60 నుంచి 100 వాట్లకి పోతే అదనంగా వచ్చేది రెండు డీబీ చిల్లర, వాల్యూం నాబ్ కొంచెం తిప్పినంత. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే పవర్ సుమారు పది రెట్లు కావాలి. అందుకని ఆంప్ గురించి మర్చిపోండి. క్యూ150 ఇంపెడెన్స్ (కరెంటుకి స్పీకరు పెట్టే అడ్డు, అది తగ్గేకొద్దీ ఆంప్‌కి భారం) 8 ఓమ్స్ అని రాసినా కనిష్ఠం 3.7 దాకా దిగుతుందని కెఫ్ వాళ్ళే చెప్తారు, అయినా మీరు ఒక్క జతే పెట్టుకుని మామూలు వాల్యూంలో వింటే ఏ-ఎస్301కి ఇబ్బంది రాదు. ఆంప్‌కి ఏ, బీ అని రెండు జతల స్పీకర్లు కలపొచ్చు కదా, ఆ రెండూ ఒకేసారి మాత్రం నడపొద్దు.

అసలు విషయం మీ హాలు. ఒక మాటు హాలు మధ్యలో నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి, వెనకాల టర్ర్‌ర్ మని గోడల మధ్య పరిగెత్తే సౌండు వినపడుతుంది. టైల్స్, సిమెంటు గోడ, అద్దం కిటికీ, పైన స్లాబు, మన ఫ్లాట్లన్నీ ఇంతే. షాపులో మీరు విన్నదాంట్లో ఆ టర్ర్ లేదు. అక్కడ "శుభ్రంగా" అనిపించిన స్పీకరు ఇంట్లో గీసినట్టు వినపడొచ్చు, తియ్యగా ఉన్నది సరిగ్గా సరిపోవచ్చు, చెప్పలేం.

బేస్ ఇంకో కథ. ధ్వని వేగం సెకనుకి 343 మీటర్లు, దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ గది ఏ ఫ్రీక్వెన్సీలో మోగుతుందో వస్తుంది. 14 అడుగులంటే 4.27 మీటర్లు, 40 హెర్ట్జ్. 11 అడుగుల వెడల్పు 3.35 మీటర్లు, 51 హెర్ట్జ్, అయితే మీకు ఒక పక్క ఓపెన్ కాబట్టి ఆ రెండోది అంత గట్టిగా ఉండదు. 40 దగ్గర మాత్రం గది గుమ్మని మోగుతుంది, ఆ మోత అన్నిటికంటే ఎక్కువ వినపడేది ఎక్కడో తెలుసా, వెనక గోడకి ఆనించిన సోఫాలో. అంటే మీరు కూర్చునే చోటే. ఇప్పుడు ఫ్లోర్‌స్టాండర్ తెస్తే అది చక్కగా 40 దాకా బేస్ ఇస్తుంది, గది దాన్ని పట్టుకుని ఇంకా ఊపుతుంది, రిథమ్ మొత్తం ముద్దయిపోతుంది. అయిదు, ఆరంగుళాల వూఫరున్న బుక్‌షెల్ఫ్ అక్కడికి వచ్చేసరికే తగ్గుతూ ఉంటుంది, గది ఇచ్చే బూస్టుతో సమానమైపోతుంది. కాబట్టి నా ఓటు బుక్‌షెల్ఫ్‌కే, బడ్జెట్ లక్ష అయినా ఈ హాల్లో ఇదే చెప్పేవాడిని.

కొనే ముందే ఒక పని చెయ్యండి. సోఫాని ఒక అడుగున్నర ముందుకి లాగి అదే పాట పాత బాక్సుల్లోనే వినండి. పైసా ఖర్చు లేదు. తేడా వినపడిందా, మిగతా డబ్బు ఎక్కడ పెట్టాలో దాన్నిబట్టి మాట్లాడుకుందాం.

గుజరాతీగల్లీ_గురూ:

అన్నా గా బాక్సులు పారేయకు. ఫోమ్ పోయిందంటే స్పీకర్ పోయినట్టు గాదు. మన దిక్కు ఎండకి, వానాకాలం తేమకి ఫోమ్ రింగులు పదిహేను ఇరవై ఏండ్లకి ఎట్లైనా పొడి అయితయ్, కంపెనీ ఏదైనా సరే. రబ్బర్ రింగున్నవి మాత్రం చానా రోజులుంటయ్. కోఠిల గుజరాతీ గల్లీకి పో, ఆడ విడి స్పీకర్లు, కోన్లు, రింగులు అమ్మే దుకాన్లున్నయ్, రిపేర్ చేసేటోళ్ళని ఆళ్ళే చూపిస్తరు. పోయేముందు రెండు చేతుల వేళ్ళతోని కోన్‌ని సమానంగ నొక్కి చూడు, లోపల గరగర గీసుకోకపోతే వాయిస్ కాయిల్ మంచిగున్నట్టే. రింగ్ సైజు కోన్ అంచుకాడ కొలిచి రాసుకపో, ఎనిమిదంగుళాలు అని చెప్తే నాలుగు రకాలు చూపిస్తరు. ఒక్కదానికి జేపిస్తే నడ్వదు, రెండింటికీ ఒక్కటే రకం రింగ్ ఏపియ్యాలె.

ఇంకొకటి, బాక్స్ లోపల క్రాసోవర్‌ల (వూఫర్‌కి, ట్వీటర్‌కి సౌండ్ పంచే సర్క్యూట్) ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటయ్, అన్నేండ్ల తర్వాత వాటి వాల్యూ మారిపోతది, అవి గూడ మార్పియ్యి, అంత పెద్ద ఖర్చేం గాదు. మొత్తం జేసినా నీ బడ్జెట్ల పదో వంతు దాటదు. యాభై అయిదు వేలు పెట్టి అయిదంగుళాల బొమ్మ స్పీకర్లు కొనుడు ఎందుకన్నా?

కూకట్‌పల్లి_శ్రోత:

@గుజరాతీగల్లీ_గురూ థాంక్స్ అన్నా, కోన్ నొక్కి చూశా, గీసుకోవట్లేదు. రింగులు వేయించి నాన్నగారి గదిలో పెడతా, ఆయన టేప్ డెక్ ఇంకా ఉంది, ఆయనకీ సంతోషం. హాల్లోకి మాత్రం కొత్తవే, ఆ సైజు బాక్సులు హాల్లో ఉండకూడదని ఇంట్లో తీర్మానం అయిపోయింది 😄

@మధ్యమావతి సోఫా లాగి చూశాను. వూఫర్ బరబర ఎలాగూ ఉంది కానీ ఆ గుమ్మనే మోత సగానికి సగం తగ్గిందండి, నమ్మలేకపోయా. అయితే అడుగున్నర శాశ్వతంగా కుదరదు, బాల్కనీ తలుపుకి అడ్డం వస్తోంది, ఒక అడుగు దాకా ఒప్పించా.

ఇంకో విషయం రాయడం మర్చిపోయా. అమ్మ ఎప్పుడూ కింద చాప మీదే కూర్చుంటుంది, పిల్లలూ కిందే. నేనొక్కడినే సోఫా. మరి స్పీకర్ల ఎత్తు ఎవరి చెవికి పెట్టాలి?

స్లాబ్_కింద_సంగీతం:

మీ ఆఖరి ప్రశ్నే ఈ మూడు స్పీకర్ల మధ్య తేల్చేస్తుంది నన్నడిగితే. ఇంగ్లీషు రివ్యూలన్నీ ఒక మనిషి ఒక కుర్చీలో కదలకుండా కూర్చుని వింటాడనుకుని రాసేవి. మన ఇళ్ళల్లో ఒకరు చాప మీద, ఒకరు సోఫాలో, ఒకరు డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు వలుస్తూ, ఇంకొకరు వంటింటి గుమ్మంలో నిలబడి వింటారు.

మామూలు టూవే స్పీకర్లో ట్వీటరు పైన, వూఫరు కింద, మధ్య కొన్ని అంగుళాల దూరం. చెవి ట్వీటర్ ఎత్తులో ఉంటే రెండిటి సౌండూ ఒకేసారి చేరుతుంది. బాగా కిందకో పైకో పోతే ఒకటి ముందు ఒకటి వెనక అయి, రెండూ కలిసి పనిచేసే క్రాసోవర్ ప్రాంతంలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ ప్రాంతం చాలా వాటిల్లో రెండు మూడు వేల హెర్ట్జ్ దగ్గర, హల్లులు స్పష్టంగా వినపడాలంటే కావలసింది సరిగ్గా అక్కడే. మీ అమ్మగారికి సాహిత్యం సగం మింగేసినట్టు వినపడుతుంది. కెఫ్ వాళ్ళ యూనీ-క్యూలో ట్వీటరు వూఫరు మధ్యలోనే ఉంటుంది, 1988 నుంచి వాళ్ళు పట్టుకుని వేలాడుతున్న డిజైన్ అది, అందువల్ల పైకీ కిందకీ పక్కలకీ టోన్ దాదాపు ఒకేలా వస్తుంది. మీ ఇంటికి క్యూ150 అని నేను చెప్పేది ఇందుకు, షాపులో బాగా వినపడిందని కాదు.

కెఫ్ 2024లో క్యూ సిరీస్ కొత్తది దించింది, పేర్లలో మెటా అని ఉంటుంది. పాత క్యూ150 ఎక్కడైనా స్టాకుంటే రేటు గట్టిగా బేరమాడండి. ఎమ్మార్పీ చూసి భయపడకండి, ఈ లైన్లో ఎమ్మార్పీకి ఎవరూ అమ్మరు.

ఎత్తు సంగతి, సోఫాలో చెవి ఎత్తు ఎంతో కొలిచి దానికంటే కొద్దిగా కిందకి పెట్టండి, తొంభై సెంటీమీటర్లకి లోపు. సోఫాకీ చాపకీ మధ్యస్తంగా ఉంటుంది.

బెజవాడ_బాస్:

పైన ఆయన చెప్పింది థియరీగా కరెక్టే గానీ నేను ఒప్పుకోను. క్యూ150 ట్వీటరు అల్యూమినియం డోమ్, టైల్స్ వేసి ఖాళీగా ఉన్న హాల్లో పాత సినిమా పాటలు వినండి, తీగ వాయిద్యాల సెక్షన్ వచ్చినప్పుడు పళ్ళు జివ్వుమంటాయి. డైమండ్ 12.1 సిల్కు లాంటి మెత్తటి డోమ్, రికార్డింగ్ ఎలా ఉన్నా సర్దుకుపోతుంది. వాళ్ళు వార్ఫ్‌డేల్ అండీ, 1932 నుంచి స్పీకర్లే చేస్తున్నారు, డైమండ్ అనేది ఎనభైల మొదట్లో వచ్చిన చిన్న బడ్జెట్ స్పీకరు, ఇన్ని తరాలు ఊరికే నడవలేదు. ఇతను వినేదాంట్లో సగం 60ల పాటలు, ఆ రికార్డింగుల్లో గీతల చప్పుడూ, బుసలూ ఉంటాయి. అది గుర్తు పెట్టుకుని సలహా ఇవ్వాలి.

బేస్ కావాలంటే మాత్రం ఈ రెండూ వద్దు, బీ6.2 తీసుకుని ప్రశాంతంగా ఉండండి. పోర్టు (బేస్ గాలి బయటికొచ్చే రంధ్రం) ముందు వైపు కాబట్టి గోడకి కొంచెం దగ్గరగా పెట్టుకోవచ్చు, కెఫ్‌కీ వార్ఫ్‌డేల్‌కీ వెనక పోర్టు, గోడకి కనీసం ఒక అడుగు వదలాలి, ఆ అడుగు మీ ఆవిడ ఇస్తారా అన్నది చూసుకోండి.

స్లాబ్_కింద_సంగీతం:

@బెజవాడ_బాస్ లోహం డోమ్ అయితే కీచుమంటుంది, సిల్కు అయితే తియ్యగా ఉంటుంది అన్నది పాత మాట. లోహం డోమ్ గంటలా మోగేది సాధారణంగా చెవికి అందే హద్దు దాటాక. జివ్వుమంటున్నది మీ టైల్స్. ముందు సోఫాకీ స్పీకర్లకీ మధ్య నేల మీద ఏదైనా పరిచి అప్పుడు మాట్లాడండి. మందంగా ఉన్నది, ఉన్ని కుచ్చులున్న ఏలూరు తివాచీ లాంటిది అయితే పైన ఉన్న గరుకు బాగా తగ్గుతుంది. వరంగల్ జంపఖానా చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ పల్చటి నూలు నేత, సౌండు పీల్చేది తక్కువ, కింద ఒక పాత బొంత మడిచి వేస్తే నయం. దేనితోనూ బేస్ మాత్రం తగ్గదు, అది మళ్ళీ సోఫా కథే.

వెనక పోర్టు గురించి అన్నది ఒప్పుకుంటా. కానీ ముందు పోర్టు ఉన్నంత మాత్రాన గోడ పక్కన పెడితే బేస్ ఉబ్బదని కాదు. గోడ దగ్గర ఏ స్పీకరైనా ఉబ్బుతుంది, పోర్టు ఎటున్నా సరే. వెనక పోర్టు అయితే చుట్టిన సాక్సు ఒకటి వదులుగా కుక్కి తగ్గించుకోవచ్చు, పనిలో పనిగా బల్లులు లోపల కాపురం పెట్టకుండా ఉంటాయి. నవ్వకండి, మా మేడ మీద గదిలో ఒక బాక్సు విప్పితే లోపల గుడ్లున్నాయి.

ఫ్రిస్కో_తమ్ముడు:

అన్నా అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోవచ్చా అని అడుగుతావేమో, అందుకే ముందే చెప్తున్నా. ఆంప్, యాక్టివ్ స్పీకర్లు (లోపలే ఆంప్ ఉన్నవి), సబ్‌వూఫర్ (బేస్‌కి విడిగా పెట్టే బాక్సు) ఇక్కడివి చాలా వరకు 120 వోల్టులవి, అక్కడ 230లో పెడితే కాలిపోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ గోల. నీకు కావలసిన పాసివ్ (లోపల ఆంప్ లేని) స్పీకర్లకి వోల్టేజీతో సంబంధమే లేదు, ఎక్కడివైనా ఎక్కడైనా నడుస్తాయి. క్యూ150 ఒక్కోటి అయిదున్నర కిలోల పైచిలుకు, రెండూ ఒక 23 కిలోల పెట్టెలో పడతాయి, ఇక్కడ వాడినవి చాలా తక్కువకి దొరుకుతాయి కూడా.

కానీ రెండుసార్లు ఆలోచించు. వారంటీ ఉండదు, కస్టమ్స్‌లో అడిగితే డ్యూటీ కట్టాలి, దార్లో పెట్టె విసిరేసి ట్వీటర్ నొక్కుకుపోతే నీ ఖర్మ. తెచ్చేవాళ్ళెవరైనా సరే కోన్ ముందు అట్టముక్క గట్టిగా కట్టి, స్పీకర్ మొహాలు రెండూ ఎదురెదురుగా కాకుండా వీపులు కలిపి పెట్టమను. బెంగ లేకుండా వినాలంటే అక్కడే కొనుక్కో, తేడా మరీ ఎక్కువుంటేనే ఈ తంటా పడు.

మధ్యమావతి:

కెఫ్, వార్ఫ్‌డేల్ కొట్లాట ఇక్కడ తేలదు, ఇంట్లోనే తేలాలి. డిపాజిట్ కట్టించుకుని రెండు రోజులు ఇంటికిచ్చే డీలర్లున్నారు, శని ఆదివారాలకి అడగండి. ఇవ్వం అన్నారంటే ఇంకో షాపు చూసుకోండి, అంత డబ్బు పెట్టి పరాయి గదిలో విని కొనక్కర్లేదు.

ఇంటికొచ్చాక పోల్చే పద్ధతి ముఖ్యం. రెండు స్పీకర్లలో ఒకటి ఒక డీబీ గట్టిగా మోగినా మన చెవి దానికే ఓటేస్తుంది, గట్టిగా ఉందని తెలీదు, "బాగుంది" అనిపిస్తుంది. షాపుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ వేసుకోండి, పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) ఫైల్ పెట్టి మీరు కూర్చునే చోట రెండు జతలకీ మీటరు ఒకే అంకె చూపించేలా వాల్యూం గుర్తు పెట్టుకోండి. ఫోన్ మైకు చూపించే అంకె తప్పుగా ఉన్నా పర్లేదు, రెండింటికీ ఒకే తప్పు. వీలైతే మారుస్తున్నది ఏదో మీకు తెలియకుండా పిల్లల చేత మార్పించండి. ఫ్లాయిడ్ టూల్ అనే ఆయన కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో, తర్వాత హార్మన్‌లో ఏళ్ళ తరబడి ఇదే పరిశోధించాడు, బ్రాండు కనపడితే ఓట్లు మారిపోతాయని, తెర వెనక పెట్టి వినిపిస్తే చాలామంది ఒకే రకం స్పీకర్లని ఎంచుకుంటారని.

ఆయనే తేల్చిన ఇంకోటి మీకు బాగా పనికొస్తుంది. స్టీరియో కంటే మోనోలో స్పీకర్ లోపాలు తొందరగా దొరుకుతాయి. మన దగ్గర మోనోకి కరువా, 50లు, 60ల పాటలు దాదాపు అన్నీ మోనోనే, పాత రేడియో కచేరీలు కూడా. అలాంటిది ఒకటి పెట్టి ఎడమ స్పీకర్ తీగ పీకేసి ఒక్క కుడిదానితో వినండి. మగ గొంతు మంద్రానికి దిగినప్పుడు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉందా, ఆడ గొంతు తారస్థాయిలో "స", "శ" దగ్గర బుస కొడుతోందా, చూడండి. తర్వాత రెండూ పెట్టి అదే పాట వినండి, గొంతు సరిగ్గా రెండిటి మధ్యన, గాల్లో ఒకే చోట నిలబడాలి. మీకు ఎడమ పక్క గోడ లేదు కాబట్టి గొంతు కుడి గోడ వైపు జరిగే అవకాశం ఉంది. అలా జరిగితే స్పీకర్లు కుడిగోడకి కాస్త దూరం జరపండి, ఇంకా కావాలంటే బ్యాలెన్స్ నాబ్ ఒక్క పిసరు ఎడమకి తిప్పండి, సిగ్గుపడాల్సిందేం లేదు. ప్యూర్ డైరెక్ట్ బటన్ నొక్కి ఉంటే ఆ నాబ్ పనిచెయ్యదని గుర్తు పెట్టుకోండి.

వీణ కూడా పెట్టి చూడండి. తీగ మీటగానే వచ్చే "టక్" అన్న మొదటి దెబ్బ, దాని వెనకే వచ్చే బుర్ర నాదం, రెండూ వేరుగా తెలియాలి. ఒట్టి టక్ మాత్రమే వినపడితే పైన ఎక్కువైనట్టు, నాదం దాన్ని మింగేస్తే కింద ఎక్కువైనట్టు. మృదంగంలో ఎడమ చేతి వైపు గుంకీ (అరచెయ్యి ఒత్తి జార్చే నాదం) జారుతూ పోవాలి, అన్ని దెబ్బలూ ఒకే శ్రుతిలో "బుమ్ బుమ్" అంటుంటే అది మృదంగం కాదు, మీ గది.

గోదారి_గట్టు:

స్టాండ్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదే. రెడీమేడ్ స్టాండ్లకి పది పన్నెండు వేలు పెట్టకండి. వీధి చివర గేట్లు చేసే వెల్డింగ్ షాపులో రెండంగుళాల ఎమ్మెస్ (మామూలు ఉక్కు) చదరపు పైపు, పైన కింద ఆరు ఎమ్మెం ప్లేటు వేయించండి, స్పీకర్ పెట్టాక ట్వీటర్ ఎక్కడికొస్తుందో చూసుకుని ఎత్తు చెప్పండి, 22, 24 అంగుళాలు సరిపోతుంది. పైపులో బాగా ఎండబెట్టిన ఇసుక నింపి మూసెయ్యమనండి, తడి ఇసుక పోస్తే లోపల తుప్పు. కింద ప్లేటు కంటే పెద్ద గ్రానైట్ ముక్క, కిచెన్ ప్లాట్‌ఫాం వేసేవాళ్ళ దగ్గర కటింగ్‌లో మిగిలినవి చవగ్గా ఇస్తారు, దాని మీద నిలబెడితే పిల్లాడు ఊగినా పడదు. పిల్లలున్నారు కదా, స్పీకర్ని ప్లేటుకి నాలుగు మూలలా బ్లూ టాక్ అనే జిగురు ముద్ద పెట్టి అతికించండి. కెఫ్ తీసుకుంటే గ్రిల్ కూడా కొనండి, ట్వీటరు మధ్యలో మెరుస్తూ ఉంటుంది, చిన్న పిల్లల వేలు తిన్నగా అక్కడికే పోతుంది.

లక్ష్మీటాకీస్_రీల్:

సబ్‌వూఫర్ వేస్తే అంతా సెట్ అయిపోతుంది కదా బ్రో, ఎందుకింత చర్చ

మధ్యమావతి:

ఏ-ఎస్301కి సబ్ అవుట్ ఉంది, పెట్టుకోవచ్చు. అయితే ఆ ఆంప్ మెయిన్ స్పీకర్లకి బేస్ కత్తిరించదు, అవి పూర్తిగా ఆడుతూనే ఉంటాయి, సబ్ దాని కింద కలవాలి, సబ్ మీద ఉన్న క్రాసోవర్ 50, 60కి దించి ఓపిగ్గా సరిచెయ్యాలి. లేకపోతే మనం తగ్గించుకున్న ఆ 40 హెర్ట్జ్‌నే మళ్ళీ డబ్బిచ్చి తెచ్చుకున్నట్టు. కింద ఫ్లాట్ వాళ్ళ స్లాబుకి కూడా అదే చేరుతుంది. ఆరు నెలలు లేకుండా వినండి, అప్పటికీ కావాలనిపిస్తే చూద్దాం.

దానికంటే ముందు మీ ఆంప్ మీదున్న లౌడ్‌నెస్ నాబ్ వాడండి. తక్కువ వాల్యూంలో చెవికి బేస్ తక్కువ వినపడుతుంది, 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించిన సంగతే. యమహాలో ఆ నాబ్ అందరూ అనుకున్నట్టు బేస్ పెంచేది కాదు, మధ్య భాగాన్ని తగ్గించేది. అందుకని ముందు వాల్యూంని మీరు ఎప్పుడైనా వినే గట్టి స్థాయికి పెట్టి, అక్కడి నుంచి లౌడ్‌నెస్ నాబ్ తిప్పి సౌండు తగ్గించుకోవాలి. చాలామంది తక్కువ వాల్యూంలో పెట్టి దాన్ని తిప్పి, ఏంటిది సౌండే పోతోంది, పాడైందేమో అనుకుంటారు. పొద్దున్నే అందరూ నిద్రలో ఉన్నప్పుడు వీణ వినడానికి ఇంతకంటే మంచి నాబ్ లేదు.

కూకట్‌పల్లి_శ్రోత:

అప్‌డేట్. షాపు వాళ్ళు చెక్కు పెట్టుకుని కెఫ్, వార్ఫ్‌డేల్ రెండు జతలూ వీకెండ్‌కి ఇచ్చారు, ఈలాక్ ఇవ్వలేదు. లెవెల్ మ్యాచ్ చేసి, మా అమ్మాయి చేత మార్పిస్తూ విన్నాం. సోఫాలో కూర్చుంటే నాకు రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి, కార్పెట్ లేకుండా అయితే వార్ఫ్‌డేల్ హాయిగా ఉంది, @బెజవాడ_బాస్ గారు చెప్పినట్టే. కింద బొంత, దాని మీద తివాచీ వేశాక కెఫ్ గరుకు పోయింది. తేల్చింది మాత్రం అమ్మే. ఏది ఏదో చెప్పకుండా చాప మీద కూర్చోబెట్టి పాత పాట పెడితే ప్రతిసారీ కెఫ్ వచ్చినప్పుడే "ఆఁ, ఇందులో మాట తెలుస్తోందిరా" అంది. నిలబడి డైనింగ్ దగ్గర వింటున్న మా ఆవిడదీ అదే మాట. సరే క్యూ150కి డబ్బు కట్టేశా, స్టాండ్లు వెల్డింగ్ షాపులో ఆర్డరిచ్చా.

ఒక్క డౌటు మిగిలింది. తీగలకి షాపులో మీటరుకి ఆరొందలు చెప్తున్నారు, నాకు ఒక్కో స్పీకరుకి అయిదు మీటర్లు కావాలి. అంత అవసరమా? ఇంకా, నిన్న తాత్కాలికంగా పాత తీగతో కలిపినప్పుడు ఒక గంట సేపు బేస్ లేకుండా, గొంతు ఎక్కడుందో తెలియకుండా చెల్లాచెదురుగా వినపడింది, విప్పి మళ్ళీ పెడితే సరయింది. ఏమై ఉంటుంది?

గోదారి_గట్టు:

రెండోది ఫేజు తిరగబడింది, ఒక స్పీకరుకి ఎరుపు నలుపు తారుమారు. ఒక కోన్ ముందుకొస్తుంటే ఇంకోటి వెనక్కి పోతుంది, బేస్ ఒకదాన్నొకటి తినేస్తాయి. పాత తీగల్లో రెండు పాయలూ ఒకే రంగుంటే ఇలాగే అవుతుంది. పైన చెప్పిన మోనో పాట పెడితే అయిదు సెకన్లలో తెలిసిపోతుంది, గొంతు మధ్యలో నిలబడితే కరెక్టు, తల చుట్టూ తిరుగుతుంటే ఒక చివర మార్చండి.

తీగకి ఆరొందలు వద్దు. కరెంటు సామాన్ల షాపులో 2.5 స్క్వేర్ ఎమ్మెం రాగి ఫ్లెక్సిబుల్ వైరు రెండు రంగుల్లో తీసుకుని మెలిపెట్టండి. అయిదు మీటర్లు పోనూ రానూ పది మీటర్లకి 0.07 ఓమ్స్ చిల్లర, నాలుగు ఓమ్స్ స్పీకరుకి లెక్కలోకి రాదు. రెండు వైపులా ఒకే పొడవు కోయండి, చివర బనానా ప్లగ్గులు వేసుకోండి, ఆంప్ వెనక రాగి పోగు ఒక్కటి పక్క టెర్మినల్‌కి తగిలినా షార్టే. వైరు కలిపేటప్పుడు ఆంప్ ఆఫ్‌లో ఉండాలి, అది చాలు.

బెజవాడ_బాస్:

అమ్మగారి మాటకి తిరుగులేదు, ఒప్పుకున్నా 🙏 ఆ వార్ఫ్‌డేల్ జత తిరిగిచ్చేటప్పుడు డెమో పీసుగా ఎంతకిస్తారో అడిగి చెప్పండి, మా తమ్ముడు వెతుకుతున్నాడు.